పేగు కదిలిందా?

మళ్ళీ గోడవైపు తిరుగుతావేమిటే? నీతోనే మాట్లాడుతున్నాను. ముక్కులో గొట్టం ఉంది, మాట్లాడలేవు, సరే. తల ఊపడానికేం?

కుట్టు బాగానే పడిందట. పేగులో పాడైన ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టానన్నాడు డాక్టరు. పెళ్ళినాటి నుంచీ మిషను తొక్కుతున్నవాణ్ణి, ఊరుకుంటానా? ఎన్ని పొరలండీ, దారం దేనికి పట్టిందండీ అని అడిగాను. పాపం, బొమ్మ గీసి మరీ చూపించాడు.

లోపల లైనింగు ఉందే, అది మఖమల్ గుడ్డలా నూగునూగుగా ఉంటుందట. తిన్నదాంట్లో సారమంతా పీల్చుకునేది అదే. దాని కింద రక్తనాళాలున్న గట్టి పొర. దారం ఆగేది ఆ పొరలోనేనట, లైనింగులో ఆగదు. ఆ పైన కండ, ఒక వరస చుట్టూ, ఒక వరస నిలువునా. అవి బిగుస్తూ వదులుతూ లోపలిదాన్ని ముందుకు తోస్తాయి. అన్నిటికీ పైన జారుడు పొర, పక్క పేగుతో రాసుకోకుండా.

దేవుడు మంచి టైలరే, ఏమంటావ్?

ఇప్పుడు ఆ కండ మొద్దునిద్ర పోతోందట. కోసినందుకు అలిగిందన్నమాట, అచ్చం నీలాగే. అది లేచిందని తెలియాలంటే ఒక్కటే గుర్తు, కింద నుంచి గాలి పోవాలి. అదిగో, మళ్ళీ మొహం తిప్పేసుకుంది. నేనన్నానా? డాక్టరన్నాడు. అంతదాకా గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వరట. పెదాలు ఎలా పగిలిపోయాయో చూడు.

సాయంత్రానికీ కదలకపోతే కుట్టు దగ్గర ఏదో తేడా వచ్చినట్టేనట. మళ్ళీ పొట్ట తెరవాలన్నాడు. సరేనన్నాను. కాదనడానికి నేనెవర్ని?

కూర్చోలేను, నిలబడలేను. కిటికీ దగ్గరికి వెళ్తే ఏముంది, కింద బళ్ళు. ఉండు, ఆ దుప్పటి సరిగ్గా కప్పుతాను.

తలుపు వైపు ఏమిటా చూపు? అల్లుడా? టీ తాగి రమ్మని ఇందాకే కింద మెట్ల దాకా దింపి వచ్చాను. పొద్దుటి నుంచీ ఆ కుర్చీ వదల్లేదు కుర్రాడు.

ఆగు. డాక్టరొచ్చి గాలి పోయిందామ్మా అని అడిగినప్పుడు కూడా అతను ఆ కుర్చీలోనే ఉన్నాడు కదూ? నువ్వేమో లేదని తల అడ్డంగా ఊపావు.

ఇటు చూడు. పోయిందా?

ఎప్పుడు, తెల్లారకముందేనా?

ఓసి నీ మొహం మండ. అల్లుడి ముందు చెప్పలేక పొట్ట రెండోసారి కోయించుకుంటావా?

చొక్కా వదులు. చెప్పొస్తాను. ఏం, చెప్పొద్దా? పోనీ నాదని చెప్పనా? నాదెవడిక్కావాలే, కోసింది నీ పొట్టని.

నవ్వకు, కుట్లు లాగుతాయి.

సిగ్గుపడకే. ఇందాక కింద మెట్ల దగ్గర, నువ్విక ఇంటికి రావేమోనని, ఆ అల్లుడి భుజం పట్టుకునే చంటిపిల్లాడిలా ఏడ్చాను. మామగారి పరువు అక్కడే పోయింది. ఇక అత్తగారిదొక్కటి దాచుకుని ఏం చేసుకుంటాం, చెప్పు?