కొత్త పడుగు

కొడుకు పోయాక నేతవాడ దాజీ పేట్‌లోని ఆ ఇంట్లో అత్తాకోడళ్లే మిగిలారు. అత్త రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది.

“నువ్విచ్చిన కథ చదివిన పిల్లా, కూడబలుక్కుంట.”

“ఎట్లున్నదత్తా?”

“మొగడు పోయిన పిల్ల మగ్గానికి పక్కింటాయన కొత్త పడుగు ఎక్కిస్తడు. గంతేగదా?”

“వాళ్లిద్దరు పెండ్లి చేసుకుంటరని దానర్థం.”

“పెండ్లి మాట నాకెక్కడ కండ్ల పడలె.”

“సీదా రాయరత్తా. మనమే సమజ్ చేసుకోవాలె.”

“అయితే మొదటి మొగణ్ణి మర్చిపోయినట్టేనా?”

“పాత పోగులు తెంపి పారెయ్యలేదు గదత్తా. వాటికే కొత్తవి ముడేసిండు.”

రాట్నం ఆగింది.

“ఆ పిల్లది తప్పంటవా అత్తా?”

“తప్పని నేనన్ననా? ఆయన పేరేంది?”

“ఆ కథల ఆయన పేరు రాయలేదు.”

“నేనడిగేది కథల ఆయన పేరు కాదు.”