పాలకేంద్రంలో మూడో కుర్చీ

స్వీడన్ ఉత్తరాన, చలికాలంలో నాలుగిళ్ళ మీద మాత్రమే పొగ లేచే ఊరది. ఎప్పుడో మూతపడిన పాలకేంద్రం గదిలో, గురువారం మధ్యాహ్నం, ముసలి అన్నదమ్ములిద్దరు కూర్చున్నారు. అన్న హిల్డింగ్, తమ్ముడు ఎవర్ట్. ఎదురుగా ఉన్నది ప్రాంతీయ వయోజన విద్యాసంస్థ నుంచి తనిఖీకి వచ్చిన తూవా.

"అది కాదు హిల్డింగ్ గారూ, నేనడిగింది మూడో మనిషి ఎక్కడ అని. మీరేమో తేనెటీగల గురించి చెబుతున్నారు."

"చెప్పొద్దా మరి? ఈ చలికాలం మా స్టడీ సర్కిల్ చదివేది తేనెటీగల పెంపకమే. పుస్తకాలు పంపింది మీ సంస్థేనమ్మా."

"బయట మైనస్ ఇరవై ఉంది."

"అందుకేగా చదువుతున్నాం. పెంచడం లేదు."

"పోయిన చలికాలం ఏం చదివారు?"

"కుర్చీలు అల్లడం. నువ్వు కూర్చున్నది మేం అల్లిందే."

"అందుకా ఇలా కిందికి దిగిపోతోంది!"

"అది నా పని కాదు తల్లీ, నేను ఎవర్ట్‌ని, నా అల్లిక బిగువుగా ఉంటుంది. అది ఆయన అల్లింది. రెండో వరస వదులుగా వదిలేశాడని ఆయనకి చెప్పు."

"ఆయన మీ పక్కనే ఉన్నారుగా ఎవర్ట్ గారూ. మీరే చెప్పొచ్చు."

"ఆయనకీ నాకూ మాటల్లేవు."

"ఏంటీ?"

"నాకూ లేవు. ఆ ముక్క ఆయన చెవిన వెయ్యమ్మా."

"ఆయన విన్నారండీ హిల్డింగ్ గారూ."

"విననీ. నేను చెప్పింది నీకు."

"ఆగండి, ఆగండి. మీరిద్దరూ సొంత అన్నదమ్ములు కదా?"

"అమ్మా నాన్నా ఒకరే. అంతవరకు ఒప్పుకుంటాను."

"ఎప్పట్నుంచి మాటల్లేవు?"

"పడవ దగ్గర్నుంచి."

"ఏ పడవ?"

"మా నాన్న పడవ. పోతూ పోతూ, ఇద్దరూ కలిసి వాడుకోండిరా అన్నాడు. కలిసి అన్నాడా లేదా, అడుగు ఆయన్ని. ఆయనేమో ఒక్క పూటలో ముందు సగానికి ఎర్ర రంగు పూసేశాడు తల్లీ."

"వెనక సగానికి ఆకుపచ్చ పూసిందెవరో కూడా అడుగమ్మా."

"నేనే పూశాను. నా సగం, నా ఇష్టం."

"సరే, సరే. ఇప్పుడా పడవ ఎక్కడుంది?"

"మునిగిపోయింది."

"అయ్యో. మరింక గొడవేముంది?"

"ఎవరి సగం ముందు మునిగింది అని."

"దేవుడా! మాటల్లేనివాళ్ళు ఒకే సర్కిల్‌లో ఎలా చదువుతున్నారండీ?"

"అదే చెప్పబోతున్నాను. ఇక్కడ మాత్రం మాట్లాడుకుంటాం. మీ సంస్థ పద్ధతే కదమ్మా అది? టీచరు లేడు, పరీక్ష లేదు, పెద్దా చిన్నా లేదు. బల్ల చుట్టూ ఎవరి వంతు వస్తే వాళ్ళు మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి. గురువారం గురువారం బఠానీ సూపు తాగి, నాలుగు అట్లు తిని మొదలుపెడతాం. ఆయన వంతులో నేను వింటాను, నా వంతులో ఆయన చచ్చినట్టు వింటాడు. అయిపోగానే ఎవరికి వాళ్ళం."

"వారానికి ఆ ఒక్కసారేనా?"

"ఆ ఒక్కసారే. మా మూడో మనిషి మెర్తా మధ్యలో కూర్చునేది. చక్కటి మనిషి. కీళ్ళ నొప్పులని పట్నంలో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయింది."

"ఇద్దరితో సర్కిల్ నడవదండీ. తక్కువలో తక్కువ ముగ్గురుండాలి. ఆ నియమం నేను పెట్టింది కాదు."

"నువ్వు పెట్టలేదని చూడగానే తెలిసింది తల్లీ. దయగల మొహం నీది."

"పొగడొద్దు ఎవర్ట్ గారూ. నేనొచ్చింది తాళంచెవి పట్టుకెళ్ళడానికి. ఈ గది వెచ్చగా ఉంచుతున్నది మా సంస్థ. సర్కిల్ లేకపోతే గదీ లేదు."

"తాళంచెవి అడుగుతోంది, విన్నావుట్రా... అంటే, విన్నాడేమో ఆయన్ని అడుగమ్మా."

"ఊళ్ళో ఇంకెవరూ దొరకరా?"

"వేసవిలో రా, కాలు పెట్టడానికి చోటుండదు. ఇప్పుడు పొగ లేచేవి నాలుగిళ్ళు. ఆ చివరింట్లో యెర్కర్ మంచం దిగలేడు. పక్కింటి మొగుడూ పెళ్ళాలది గనిలో ఉద్యోగం, ఆవిడ ఇంటికొచ్చే వేళకి ఆయన బయల్దేరతాడు. పోయినేడు దిగిన జర్మన్ ఒకడున్నాడు, ప్రశాంతత కోసం వచ్చాట్ట, మనిషి కనబడితే అడవిలోకి పారిపోతాడు. ఇక మాది."

"మాది అంటే? నాలుగిళ్ళే అన్నారు. యెర్కర్ ఇల్లు, గని వాళ్ళది, జర్మన్‌ది... మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"ఒకే కప్పు కిందమ్మా. ఒకే ఇంట్లో అని కాదు."

"హిల్డింగ్ గారూ?"

"మధ్యలో గీత ఉంది."

"గీతా?"

"వంటింట్లో. నేల మీద గీశాం. పొయ్యి ఆయన వైపు, ఫ్రిజ్ నా వైపు."

"మరి ఆయనకి పాలు కావాలంటే?"

"గురువారం దాకా ఆగుతాడు."

"చూశావా తల్లీ, ఎంత కఠినాత్ముడో! ఇంకొంచెం సూపు పొయ్యనా? గిన్నె ఇలా తే. ఆవాల ముద్ద కలుపుకో, బాగుంటుంది. ఇంతకీ తేనెటీగలు చలికాలం ఏం చేస్తాయో తెలుసా నీకు?"

"ఏం చేస్తాయి, అన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా కూర్చుంటాయి. మధ్యలో ఉన్నవి బయటికొస్తాయి, బయట ఉన్నవి లోపలికెళ్తాయి, అలా..."

"అయిపోయింది! మూడో మనిషి మాట్లాడింది! సర్కిల్ మొదలైందమ్మా!"

"ఏం మొదలైంది? నేను ఆఫీసరుని."

"కుర్చీలో కూర్చున్నావు. సూపు తాగావు. నీ వంతు రాగానే జవాబు చెప్పావు. ఇంతకంటే మెర్తా మాత్రం ఏం చేసేది?"

"సంస్థ ఉద్యోగులు సభ్యులు కాకూడదండీ. మీరిద్దరూ చేయీ చేయీ పట్టుకుని బతిమాలినా కుదరదు."

"చేతులు పట్టుకోవడం మాకూ కుదరదు. గీత ఉంది."

"ఎవర్ట్ గారూ... అయ్యో, ఏడుస్తున్నారా?"

"లేదు తల్లీ. ఏం లేదు. నువ్వు తాళం వేసుకుని వెళ్ళు. ఈ వయసులో ఇక మా అన్న గొంతు వింటానో లేదో..."

"ఆయనకి రుమాలు కావాలేమో అడుగమ్మా."

"మీ చేతిలోనే ఉందిగా, ఇవ్వండి!"

"ఎలా ఇవ్వను? సర్కిల్ మూతపడింది కదా. నీకిస్తాను, నువ్వు ఆయనకివ్వు."

"ఇటివ్వండి. ఇదిగోండి, తుడుచుకోండి. చూడండి, వచ్చే నెలాఖరు దాకా గడువిస్తున్నాను. ఆలోగా ఈ మూడో కుర్చీలో మనిషి కనబడాలి. టోపీ పెట్టిన గడ్డిబొమ్మ కాదు, మనిషి."

"తాళంచెవి మరి?"

"అప్పటిదాకా ఉంచుకోండి."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ."

"ఈ ఊళ్ళో ఇప్పటికే చల్లగా చూస్తున్నాడు. వస్తానండీ."

తూవా వెనక తలుపు ధడాలున పడింది. అన్నదమ్ములిద్దరే మిగిలారు.

"వెళ్ళిందంటావా?"

"తలుపు పడిందిగా. కళ్ళు తుడుచుకోరా ఇంక, చాలు."

"ఎక్కడ తుడుచుకోను అన్నయ్యా, మంట! సూపులోకి తరిగిన ఉల్లిపాయేగా అనుకున్నాను."

"వేళ్ళకి రాసుకోమన్నాను గానీ కంట్లో కుక్కుకోమన్నానా?"

"నువ్వు మాత్రం తక్కువా? 'విన్నావుట్రా' అనేశావు. నా గుండె ఆగినంత పనైంది."

"సర్దుకున్నాగా. ఆ పిల్ల ఇళ్ళు లెక్కపెడుతుంటే చెమటలు పట్టేశాయిరా. ఆ గీత ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలీదు."

"పొయ్యి నా వైపు పెట్టేశావు చూడు! అబద్ధంలో కూడా వంట నేనే చెయ్యాలా?"

"వంట వచ్చినవాడివి నువ్వే కదరా. పడవ మాత్రం బాగా పండింది. ఎవరి సగం ముందు మునిగిందో అన్నప్పుడు నువ్వు నవ్వుతావేమోనని బల్ల కింద నీ కాలు తొక్కాను."

"నువ్వు తొక్కింది బల్ల కాలు. పోయినసారి వచ్చినావిడకి ఏం చెప్పాం మనం?"

"మైబ్రిత్‌కా? ఆవు కథ. పాలు నావి, పేడ నీది అని పంచుకున్నాం. ఆ రోజు నువ్వు నిజంగానే తడబడ్డావురా. ఆవిడ కళ్ళలోకి చూస్తూ కాఫీ అంతా సాసర్లో పోశావు."

"ఆ సంగతి వదిలెయ్."

"ఆవిడకి ఆవిడ కోటు తొడగబోయి నీ కోటు తొడిగావు."

"వదిలెయ్యమన్నానా! అప్పుడంటే గడువులోపల మెర్తా దొరికింది. ఇప్పుడెవరు దొరుకుతారు చెప్పు."

"దొరుకుతారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"అన్నయ్యా, నాకు నిజంగానే భయంగా ఉంది. ఈ గది పోతే చలికాలమంతా ఆ వంటింట్లో నువ్వూ నేనూ గోడ గడియారమూ. మనకి చెప్పుకునే మాటలు ఏనాడో అయిపోయాయి. ఇక్కడికొస్తేనేగా తేనెటీగలో, కుర్చీల అల్లికో, ఇంటికి పట్టుకెళ్ళి పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరికేది."

"నాకు లేదనుకుంటున్నావా భయం? మెర్తా వెళ్ళిపోయిన వారమంతా ఇంట్లో మనం ఏం మాట్లాడుకున్నాం? పాలైపోయాయి అన్నాను. ఊఁ అన్నావు."

"అయిపోయాయిగా మరి."

"ఆ ఊఁ విన్నాక నాకు నిద్ర పట్టలేదురా."

తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"గ్లవ్స్ మర్చిపోయానండీ."

"అమ్మాయ్! నువ్వా! నువ్వు... ఎంతసేపైంది తల్లీ వచ్చి?"

"వెళ్తేగా. తలుపవతలే ఉన్నాను. ఉల్లిపాయ దగ్గర్నుంచీ విన్నాను."

"ఆయనకి చెప్పమ్మా, ఇదంతా..."

"ఇంకెందుకు హిల్డింగ్ గారూ, మీ తమ్ముడే కదా, మీరే చెప్పండి."

"మూసేస్తావా తల్లీ? తప్పంతా నాదే. ఏడ్చింది నేను."

"మీరేడుస్తారని నాకు ముందే తెలుసు ఎవర్ట్ గారూ. పొద్దున బయల్దేరేటప్పుడే మా అమ్మ చెప్పింది. ఒకాయన ఏడుస్తాడు, ఇంకొకాయన రుమాలు ఇవ్వనంటాడు. బయటికొచ్చి తలుపు గట్టిగా వేసి, అక్కడే నిలబడి విను అంది."

"మీ అమ్మకెలా తెలుసు?"

"ఆవు కథ విన్నది ఆవిడేగా."

"మైబ్రిత్! మైబ్రిత్ కూతురివా నువ్వు?"

"అప్పుడు తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి అడిగిందట. ఆ అన్నదమ్ములకి ఆవు కాదు గదా, పిల్లి కూడా లేదన్నారట."

"మరి అప్పుడే ఎందుకు మూయించలేదమ్మా?"

"ఇంత పెద్ద అబద్ధమాడి మరీ చదువుకుంటామనేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరంది."

"మంచి మనిషి. అన్నయ్యా, నేనప్పుడే అనలేదూ, మంచి మనిషని? ఎలా ఉందమ్మా మీ అమ్మ?"

"రిటైరైంది. మాట్లాడ్డానికి ఎవరూ లేరని పొద్దస్తమానం నా బుర్ర తింటోంది. ఉద్యోగులు సభ్యులు కాకూడదు గానీ, రిటైరైనవాళ్ళు కావచ్చండీ."

"అంటే... ఈ కుర్చీ..."

"బయట కారులో కూర్చుంది. రమ్మంటే వస్తుంది గానీ, ముందు ఆవుని చూడాలట."