రెండంతస్తుల మధ్య

కరెంటు పోయిన మధ్యాహ్నం, ఇంట్లోని లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల అత్తగారు ఉన్నారు. బయట కోడలు కంగారుగా తలుపు బాదింది.

"అత్తయ్యా! సోలార్ బ్యాటరీ నిండుగానే ఉందే, ఎలా ఆగింది?"

"బ్యాటరీ నిండితే సరిపోదమ్మా. మన ఇన్వర్టర్ ఒకేసారి మూడు కిలోవాట్లే ఇవ్వగలదు. అది దాటితే మొత్తం ఆపేస్తుంది. ఇంకేం వేసున్నాయి?"

"గీజర్... అయ్యో, నేనే వేశాను! మీ స్నానానికే!"

"లిఫ్టూ గీజరూ కలిస్తే నాలుగు దాటుతుంది. గీజర్ కట్టేసి, ఇన్వర్టర్ మళ్లీ ఆన్ చెయ్యి. కంగారుపడకు, నాకేం కాలేదు."

కోడలు పరుగెత్తి, చెప్పినట్టే చేసింది. లిఫ్ట్ కదిలి కిందికి దిగింది.

తలుపు తెరుచుకునేసరికి, అంత నిబ్బరంగా మాట్లాడిన ఆవిడ నేలమీద చతికిలబడి, చెమటతో తడిసి, గజగజ వణికిపోతున్నారు.

"ఇప్పుడు నన్ను పట్టుకోవే తల్లీ," అన్నారావిడ.