రత్నావతి అర్థం చెప్పిన సినిమా

హలో… ఆ, నేనే చెల్లమ్మా, సూరిబాబన్నయ్యని.

గొంతు అలా బొంగురుపోయిందేం? … ఉంటుంది. నిన్న రెండు గంటలు ఏకధాటిగా అర్థం చెప్పినావు కదా.

కోపమా? నాకెందుకు కోపం? … మన బంటింగ్ ఊరి తెలుగు సంఘం హాలు నా ఒక్కడి సొత్తు కాదు. సంఘం కార్యదర్శి మన మేనక, ఎవరో కుర్దు జాతి దర్శకుడి గౌరవార్థం సినిమా వేయించింది. జనం వచ్చినారు. సంతోషం.

ఎంతమంది? … నూట ఇరవై!

… లేదు, ఊరికే అడిగినాను. మన శనివారం పురాణానికి పదకొండుగురు వస్తారు. అందులో ఇద్దరు కునుకు తీస్తారు.

ఒక్క మాట దాచకుండా చెప్పు రత్నావతీ. పంతొమ్మిదేళ్లుగా నేను పద్యం చదివితే పక్కన కూర్చుని అర్థం చెప్పిన నోరు అది. ఊరూ పేరూ ఎరగనివాడికి ఎలా అప్పగించినావు?

… నిజమే, ముసలమ్మలు తెరమీది అక్షరాలు చదవలేరు. ఆ కుర్రపిల్ల నిషా చెప్పకూడదా? … సగం తమిళం కలిపేస్తుందా? కలపనీ లా, ఈ దేశంలో మన తెలుగంతా అంతేగా!

నేనా? నేను రాలేదు.

… ఎవరు చూసినారు? … హాలు కాపలా వేలాయుధమా! వాడి నోట్లో ఏదీ నిలవదు.

సరే, వచ్చినాను. చెప్పులు విడిచే చోటనే నిలబడినాను. తెర కనబడలేదు, నీ గొంతే వినబడింది. గొర్రెల్ని అమ్ముకుని మంచుకొండ దాటుతున్న తల్లి కథ… ఒకచోట ఆగిపోయినావు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా పద్యానికి ఎన్నడైనా అలా ఆగినావా?

… ఏటీ?

… నేను ఆగనివ్వనా? నీ మాట పూర్తికాకుండానే తరువాతి పద్యం ఎత్తుకుంటానా?

… పంతొమ్మిదేళ్లూనా!

మరి ఒక్కసారైనా చెప్పలేదేం? … చెప్పడానికీ సందివ్వలేదా.

…

ఆ, ఉన్నాను.

అసూయే చెల్లమ్మా. స్వామి కథలు చదివే నోటితోనే ఒప్పుకుంటున్నాను. ఆ దర్శకుడి పేరు పలకడమైనా నాకు చేతకాదు. అయినా పొద్దున పూజలో కూర్చుంటే స్వామికి బదులు వాడే మనసులో మెదిలినాడు.

వచ్చే శనివారమూ ఆయన సినిమాయేనా? … అర్థం మళ్లీ నువ్వేనా?

… వద్దు, మానకు. నా కోసం మానకు. పురాణం ఆదివారానికి మార్చుకుందాం. మేనకతో నేనే మాట్లాడతాను. ఆ రోజు ఒకే ఒక్క పద్యం చదువుతాను. తక్కిన పొద్దంతా నీదే. వస్తావా?

…

ఆలోచించుకునే చెప్పు. తొందర లేదు.

… ఏ పద్యమో నువ్వే ఎంచుతావా? మంచిది. అలాగే కానీ.

… లేదు, ఫోను నువ్వే పెట్టు. ఇంకేమైనా చెప్పాలని ఉంటే అంతా చెప్పినాకే పెట్టు. నేను ముందు పెట్టను.

…

…