అద్దానికి రాసుకునే రెక్క

కుట్టుమిషను దగ్గర్నుంచి మూడోసారి లేచి, కిటికీలోంచి వీధిలోకి తొంగిచూసింది అక్క. గోడవారనున్న ఉప్పునీళ్ల అక్వేరియంలో పళ్లెమంత బ్యాట్‌ఫిష్ కూడా ఆమెలాగే అటూ ఇటూ తిరుగుతోంది. సోఫాలో కూర్చున్న తమ్ముడు ఇద్దరినీ చూశాడు.

"ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా?"

"నా సంగతి సరే, దాన్ని చూడు. మళ్లినప్పుడల్లా రెక్క అద్దానికి రాసుకుంటోంది. తెచ్చినరోజు ఎండుటాకంత ఉండేది."

"అరచేతికి మించి పెరగదన్నాడు షాపువాడు."

"ఎవరి అరచెయ్యో అడగాల్సిందిరా."

"ఇంక పెరగదులే. రెండు నెలలుగా సగం మేతే వేస్తున్నాను."

మిషను దగ్గరికొచ్చి గుడ్డ కత్తిరిస్తున్న అక్క చేతిలో కత్తెర ఆగింది.

"కడుపు మాడిస్తే పెరగడం మానేస్తుందా? నీ బుర్ర తగలెయ్య!"

"పెద్దదైతే ఇంట్లో ఉంచనివ్వవని భయం."

"అదా సంగతి! నువ్వు పనికెళ్లగానే అద్దానికి మూతి ఆనించి నా వంకే చూసేది. చూడలేక రోజూ గుప్పెడు రొయ్యలు పెట్టాను."

"నువ్వా? చేపల వాసనే పడదన్నావు!"

"ఇప్పుడూ పడదు. ముక్కు మూసుకుని పెట్టాను."

"మరి ఆ కిటికీ దగ్గర ఎవరికోసం చూపులు?"

"ఊరవతల జనం చూడ్డానికెళ్లే పెద్ద అక్వేరియం ఉందిగా, వాళ్లకి ఫోన్ చేశాను. దీన్ని తీసుకెళ్లడానికి వ్యాను వస్తోంది."

తమ్ముడు దిగ్గున లేచాడు.

"ఎవర్నడిగి చేశావు?"

"దాన్నే అడిగాను. పొద్దున రొయ్య చూపించి, ఇటు తిరగవే అన్నాను. సగం తిరిగి కాసేపు ఇరుక్కుపోయిందిరా."