వెనక సీటులో గురక

నేను తాగానట! పెట్రోలు నేను తాగానట! విన్నావా సెమిసీ, మీ అక్క పెపె ఊరంతా చెప్పుకు తిరుగుతున్న మాట ఇదీ. మొగుడు పోయి ఏడాది తిరక్కుండానే మొండిదయిపోయిందట ఫెతు, కారుకి పోసిన పెట్రోలు ఎటు పోతోందో చెప్పదట!

కాస్త జరుగు, ఎండ మొహాన కొడుతోంది. ఆఁ, నువ్వెక్కడ జరుగుతావులే. నీ సమాధి మీద చోటు నేనే చూసుకోవాలి. ఇదిగో, ఈ చేమదుంపలు చెక్కుకుంటూ చెబుతాను, మధ్యలో అడ్డు రాకు. బతికుండగా అడ్డొచ్చింది చాలు.

నీ కారు ఎలాంటిదో నీకు తెలుసు కదా. సగం కరెంటు, సగం పెట్రోలు. జపానులో ఎవరో తోలి తోలి విసిగి వదిలేస్తే, మురిసిపోతూ తెచ్చుకున్నావు. "పాతదైతేనేం, కుక్కపిల్ల పాలు నాకినట్టు తాగుతుందే" అన్నావు. నిజమే, అలాగే తాగేది. నువ్వు పోయావో లేదో, బర్రె కుడితి తాగినట్టు తాగడం మొదలెట్టింది! పొద్దున నింపితే, అపియా పట్నానికి వెళ్ళి కొబ్బరి బన్నులు అమ్ముకుని వచ్చేసరికి ముల్లు కింద పడుకునేది. బన్నుల మీద వచ్చింది దాని గొంతులోనే పోసేదాన్ని.

మీ అక్కకి ఇదే కావాలి. "అమ్మేద్దామే ఫెతూ. నా కూతురి పెళ్ళి విందుకి పందులు కొనచ్చు" అంది. కారు అమ్మి పందులు! ఏమంటాం? తోడబుట్టిన ఆడది నోరు తెరిస్తే మగాళ్ళు నోరు మూసుకునే ఊరు మనది. ఇక నేనెంత? పెళ్ళి లోపల కారు దారికి రాకపోతే అమ్మేయడమేనని మీవాళ్ళంతా చాప మీద కూర్చుని తేల్చేశారు.

ఎందుకు వద్దన్నానంటావా? బన్నులకోసం అని వాళ్ళకి చెప్పాను. నీకు అసలు సంగతి చెప్తాను, నవ్వకు.

ఆ కారు గురక పెట్టేది.

ఒట్టు! వెనక సీటులో, కుడి మూల. ఆదివారం చర్చిలో గొంతు చించుకుని పాడొచ్చి నువ్వు పడి నిద్రపోయేవాడివి చూడు, అక్కడే. నీ తలగడ ఇంకా అక్కడే ఉంది కదా. కరెంటు మీద పోయేటప్పుడు ఆ కారుకి చప్పుడే ఉండదు. అప్పుడు వినిపించేది. గుర్ర్ర్ర్ ఫుట్. గుర్ర్ర్ర్ ఫుట్. మధ్యలో ఆ ఫుట్ కూడా నీదే! మొదటిసారి భయపడ్డాను. రెండోసారి అద్దంలో చూశాను. మూడోసారి "మొహం గోడకి తిప్పుకుని పడుకో" అని తిట్టాను. తిట్టాక ఎంత హాయిగా అనిపించిందో! ఇంటికి వెళ్ళే దారి వదిలేసి ఊరంతా ఓ చుట్టు తిప్పాను.

అలాంటి కారుని పందులకి ఇచ్చేస్తానా?

అందుకే పెట్రోలు దొంగని పట్టుకోవాలని బయల్దేరాను. మెకానిక్ కుర్రాడు అలెకి, టైర్లలో గాలి తక్కువుందన్నాడు. కొట్టాడు. బ్రేకులు పట్టేస్తున్నాయన్నాడు. విప్పాడు, బిగించాడు, ఒక నట్టు మిగిల్చాడు. ఆయిల్ మార్చాడు. ప్లగ్గులు మార్చాడు. చివరికి, "అత్తా, బ్యాటరీ ముసలిదైపోయిందేమో" అన్నాడు. "నేనూ ముసలిదాన్నే, నేనేమన్నా పెట్రోలు తాగుతున్నానట్రా?" అన్నాను.

పాస్టరు గారు ఇంకో అడుగు ముందుకేశారు. "సెమిసి బరువైన మనిషి కదమ్మా" అన్నారు. అర్థమైందా? నువ్వు కారులోనే తిరుగుతున్నావట, నీ బరువు మోయలేక కారు తాగుతోందట! పాటల గుంపు మొత్తాన్నీ తీసుకొచ్చి, నాలుగు తలుపులూ తెరిపించి, "సెమిసీ, దయచేసి దిగు నాయనా" అని ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకుని లోపల, దిగకు, దిగకు, నాకోసం దిగకు అనుకున్నాను. ఆ ప్రార్థన ఒక్కటే నా జన్మలో ఫలించింది. మర్నాడు ఇంకా ఎక్కువ తాగింది.

ఇదిలా ఉండగా, పెపెకి ఇంకో వెతుకులాట. మీ అమ్మ నేసిన సన్నచాప కనపడటం లేదని. అదేనయ్యా, పట్టుగుడ్డలా చేతిలో జారిపోయేది, అంచున ఎర్ర ఈకలున్నది. నా పెళ్ళినాడు మీ అమ్మ నా భుజాన కప్పిన చాప. నువ్వు పోయినప్పుడు మీ అక్క మనింట్లో ఉన్న చాపలన్నీ వచ్చినవాళ్ళకి పంచేసింది, పంచాలి కాబట్టి. అది మాత్రం లెక్కకి రాలేదు. ఇప్పుడు కూతురి పెళ్ళిలో మగపెళ్ళివారికి అదే ఇవ్వాలని ఆవిడ పట్టు. నా పరుపు కింద చూసింది. పెట్టె కింద చూసింది. నేను ఇంట్లో లేనప్పుడు వంటింటి పొయ్యిరాళ్ళు కూడా కదిపి చూసింది!

ఎక్కడుందంటావా? కంటిపాపలా దాచుకున్నాను. నేను పోయినప్పుడు నామీద కప్పాలని. ఎక్కడని అడక్కు, వస్తున్నా అక్కడికే.

పెళ్ళికి ముందు శనివారం మీ అక్క, "నన్నూ అపియా తీసుకెళ్ళు, బట్టలు కొనాలి" అంది. ముందు సీటులో బన్నుల ట్రేలు. ఆవిడ వెనక ఎక్కింది. కుడి మూల! నీ తలగడ పక్కనే! అద్దం ఆవిడ వైపు తిప్పుకున్నాను. ఎండ మండిపోతోంది, గుట్ట ఎక్కుతున్నాం. మొదలైంది. గుర్ర్ర్ర్. ఫుట్.

"ఎవరే?" అంది.

"ఎవరు వదినా?"

గుర్ర్ర్ర్!

"సెమిసీ!" అని ఒక్క కేక పెట్టిందయ్యా, గుట్ట మీద పందులన్నీ పరుగో పరుగు! కూర్చున్నచోట ఎగిరిపడి, నీ తలగడ విసిరేసి, దాని వెనక చెయ్యి పెట్టి ఏదో పట్టుకుని లాగింది. ఇంకో తలగడ గలీబులో మడిచి కుక్కిన మూట. లాగగానే గురక ఆగిపోయింది. ఠక్కున.

ఆ మూటలోంచి ఎర్ర ఈకలు వేలాడుతున్నాయి.

కారు ఆపాను. ఏం చేయను?

"అమ్మ చాప! కారులోనా! దొంగమొహమా!"

"మరి ఇంట్లో పెడితే నీ చెయ్యి ఊరుకుంటుందా వదినా? చచ్చినవాడి తలగడ ఎవరూ ముట్టుకోరని ఇక్కడ పెట్టాను!"

కొడుతుందనుకున్నాను. చాపని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఏడ్చి, తిట్టి, మళ్ళీ ఏడ్చింది. మీ అమ్మ వాసన వస్తోందంది. మగ్గిపోయిన చాపలో ఏం వాసనో! నేనూ ఏడ్చాను, ఆవిడ ఏడుస్తుంటే నేనొక్కదాన్నే కూర్చుని బన్నులు ఎలా తింటాను.

అలెకి వచ్చి సీటు పక్కన చూశాడు. అక్కడ చిన్న జాలీ ఉందట. సీటు కింద బ్యాటరీ ఉందట, అది ఆ జాలీలోంచి గాలి పీల్చుకుంటుందట. నేను సరిగ్గా దాని ముక్కు మూసేశాను! ఒళ్ళు కాలిపోతుంటే లోపల ఫ్యాను గింజుకుంది, బ్యాటరీ పనిచేయలేనంది, ఇంజినే అంతా మోసింది, మోసేవాడికి ఆకలెక్కువ. ఫ్యాను విప్పితే గుప్పెడు ఎర్ర ఈకలు వచ్చాయి. ఆ ఫుట్ ఫుట్ అవేనట. "ఈ మాట నేను ముందే అనుకున్నానత్తా" అన్నాడు వెధవ.

ఈకలు రాలిన అంచుతోనే చాప పెళ్ళికి పోయింది. మన తరఫున మాట్లాడే పెద్దాయన దాన్ని ఎత్తి చూపించి, "ఎన్ని తరాలు చూసిందో, ఈకలే రాలిపోయాయి!" అన్నాడు. మగపెళ్ళివారి ముసలమ్మలు నోళ్ళు తెరిచి కళ్ళకద్దుకున్నారు. ఫ్యాను తిన్నదని ఎవరు చెప్తారు? పెపె నా చెయ్యి గిల్లింది, నవ్వాపుకోలేక. కారు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. పందులు మగపెళ్ళివారే తెచ్చుకున్నారు.

కారు ఇప్పుడు మళ్ళీ కుక్కపిల్లే. చుక్క నాకి వదిలేస్తోంది. అందరికీ సంతోషం.

నాకు? అంత నిశ్శబ్దంగా ఉందయ్యా ఆ కారు. మొదటి ఆదివారం చర్చి నుంచి వస్తూ అద్దంలో ఎన్నిసార్లు చూశానో. తిట్టడానికి మనిషి లేడు. నువ్వు పోయావని నాకు ఆ రోజు తెలిసింది. మట్టి పోసిన రోజున కాదు.

అదుగో, ప్రార్థనకి శంఖం ఊదేశారు. లేవాలి.

మీ అక్క సోమవారాలు కారు అడిగి తీసుకెళ్తోంది కదా, ముల్లు కాస్త కిందికి ఉందని పట్టేసింది. శనివారం సాయంత్రం ఉన్న పెట్రోలు సోమవారం పొద్దున ఎందుకు లేదట. ఎక్కడికి పోతుంది? ఆదివారం చర్చి అవ్వగానే నీ తలగడ తీసి ఆ జాలీకి గట్టిగా ఆనిస్తున్నాను. గుట్ట మీదుగా చుట్టు తిరిగి వస్తున్నాను. ఆ ఫుట్ ఇప్పుడు రావడం లేదు. వట్టి గుర్ర్ర్ మాత్రమే. అది చాల్లే.

తాగానట! తాగుతున్నాను. ఏం చేస్తుందో చేసుకోమను.