చెరువు పచ్చబడిన వేసవి, ఉదయశ్రీ గారు

పెద్దలారా, కాలనీ సోదర సోదరీమణులారా, ముందు వరుసలో కూర్చున్న పార్థసారథి గారూ, నమస్కారం.

ఇలాంటి పని మీద ఈ హాల్లో కలుసుకుంటామని ఎవరం అనుకున్నాం? పోయిన గురువారం ఉదయశ్రీ గారు ప్రయోగశాలలో పనిచేస్తూ చేస్తూ బల్ల మీద తల వాల్చేశారు. గుండె ఆగిపోయింది. పక్క బల్ల నాది. నా పేరు చలపతిరావు. ఆవిడతో కలిసి నీళ్ల పరీక్షలు చేసినవాణ్ణి.

అయ్యా, మొన్నటి వేసవి గుర్తుందా? హైటెక్ సిటీ మేడ తెరిచిన సంబరం ఇంకా తీరలేదు. రాయదుర్గం గుట్టలు పగులుతున్నాయి, పుప్పాలగూడ దారంతా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఆ మురుగు ఎటు పోతోందని ఎవరం అడిగాం? మన చెరువులోకే పోయింది. మురుగు తిని నాచు బలిసింది. నీళ్లు ఆకుపచ్చ రంగు కలిపినట్టు చిక్కబడ్డాయి.

మన వీధుల్లో పాలు పోసే నీలమ్మ బర్రెలు రెండు చచ్చాయి. పశువుల రోగమని అందరం అనేసుకున్నాం. ఉదయశ్రీ గారు మాత్రం నీలమ్మ గుమ్మంలో కూర్చుని అడిగారు. "గాలికి ఆ పచ్చ తెట్టె అంత మా గట్టుకే కొట్టుకొచ్చిందమ్మా. గా నీళ్లే తాగినయ్. ఇగ లేవలే" అని ఏడ్చింది నీలమ్మ. ఆ గట్టు నీళ్లే తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చాలాసేపు చూశారు. "కాలేయాన్ని దెబ్బతీసే విషం చేసే జాతండీ ఇది" అన్నారు. ఆ గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఈ హాల్లోనే మీటింగు పెట్టాం. నాచును చంపే మైలుతుత్తం చల్లేద్దామన్నారు కొందరు, మరిగించి తాగుతున్నాంగా అన్నారు ఇంకొందరు. ఆవిడ లేచి నిలబడ్డారు. "మరిగిస్తే నాచు చస్తుందండీ, విషం చావదు. ఇప్పుడు మందు చల్లితే నాచు పగిలి, లోపలున్న విషమంతా ఒక్కసారిగా నీళ్లలోకి దిగుతుంది. ముందు ఈ నీళ్లు వాడటం ఆపండి." ఎంతమంది విసుక్కున్నారు! అయినా వీధివీధీ తిరిగి చెప్పారు.

ఆ తిరగడంలోనే తెలిసింది ఘోరమైన సంగతి. ఇక్కడి నర్సింగ్ హోమ్‌కు బోరు ఎండిపోయి, చెరువు నీళ్ల ట్యాంకరే వస్తోంది. అక్కడ డయాలసిస్ జరుగుతోంది. మూడేళ్ల కిందట బ్రెజిల్‌లో ఇలాంటి నీళ్లతోనే డయాలసిస్ రోగులు పదుల సంఖ్యలో చనిపోయారు. నోటితో తాగిన నీళ్లు వేరు, డయాలసిస్ యంత్రంలో సన్నటి పొర అవతల నెత్తురు పక్కనే పారే నీళ్లు వేరు, వాటిలోని విషం నేరుగా నెత్తుట్లోకే దిగుతుంది. యంత్రాలు ఆపించారు ఆవిడ.

కానీ అమ్మలారా, ఆపితే మాత్రం ఆ రోగులు ఎన్నాళ్లు బతుకుతారు? ఆ రోగుల్లో ఒకరు ఆవిడ భర్త, ఈ పార్థసారథి గారే. ఊళ్లో ఆస్పత్రులన్నీ తిరిగి, బతిమాలి, ఒక్కొక్కరికీ చోటు సంపాదించారు. ఆ రోగుల్లోనే ఒకరు తిమ్మప్ప గారు, ఆయనకు ఆయాసం ఎక్కువైంది. తన భర్తకు దొరికిన వంతు ఆయనకిచ్చేశారు. అయినా తిమ్మప్ప గారు దక్కలేదు. యంత్రం దగ్గరికి చేరేలోపే పోయారు.

తరవాత పరీక్షల్లో తేలింది, ఆ ట్యాంకరు నీళ్లలో విషం ఉంది. మిగతావాళ్లంతా బతికారు. అందరూ ఆవిణ్ణి మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం ఆ మాటెత్తితే, తిమ్మప్ప గారిని పోగొట్టింది తానేనని లేచి వెళ్లిపోయేవారు, అన్నం కూడా సరిగా తినేవారు కాదు. చివరికి తిమ్మప్ప గారి భార్య ఓబులమ్మ గారే ఉదయశ్రీ గారింటికి వెళ్లారు. "నువ్వు సంపినావని నేనెప్పుడన్నా అంటినా తల్లీ? తక్కినోళ్లని నిలబెట్టినావు. అన్నం తిను" అన్నారు. ఆ రోజు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఓబులమ్మ గారు ఇక్కడే ఉన్నారు. ఈ మాట చెప్పమన్నది ఆవిడే.

మిత్రులారా, మురుగు ఇవాళ కూడా చెరువులోకే పోతోంది. వచ్చే ఎండలకు మళ్లీ పచ్చబడుతుంది. అప్పుడు మన గుమ్మంలోకి వచ్చి కూర్చుని అడిగేదెవరు?

ఇంతకంటే మాట్లాడలేను. ఉదయశ్రీ గారి కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. పార్థసారథి గారూ, మీరు లేవకండి, ఓపిక లేదు మీకు. మీ బదులు కూడా మేమే నిలబడతాం. దయచేసి అందరూ లేవండి.